టీవీల చెప్పే డాక్టరమ్మవు నువ్వేనా?

మొన్న కాజీపేట స్టేషన్‌లో సికింద్రాబాద్ బండి కోసం కూర్చుంటే ఒక పెద్దాయన వచ్చి నా ఎదురుగా నిలబడి చాలాసేపు చూశాడు. తెల్ల ధోతి, భుజం మీద తువ్వాల, చేతిలో బట్టల షాపు కవరు. చివరికి అడిగేశాడు. "అమ్మా, టీవీల చెప్పే డాక్టరమ్మవు నువ్వేనా?" అవునన్నాను. కొంచెం ఆలోచించి ఇంకోటి అడిగాడు. "మరి నువ్వు నిజం డాక్టరువేనా, ఉత్త టీవీ డాక్టరువా?"

నవ్వొచ్చింది కానీ ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మా బంధువులు అడిగారు, నాతో చదివినవాళ్లు వేరే మాటల్లో అడిగారు, ఎనిమిదేళ్లు స్టూడియోకి వెళ్లివచ్చే దారిలో నన్ను నేనే చాలాసార్లు అడుక్కున్నాను. అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నాను. పెద్దాయన సంగతి మళ్లీ చెప్తాను.

నేను కాకతీయ మెడికల్ కాలేజీలో చదివాను. 1959లో పెట్టిన కాలేజీ. అయితే మాకు క్లాసురూముల కంటే వరంగల్ పెద్దాస్పత్రి ఎంజీఎం ఎక్కువ నేర్పింది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, అటు కరీంనగర్ అంచు దాకా ఎవరికి ఏమైనా ఆఖరికి ఎంజీఎంకే కదా వచ్చేది. 2009లో హౌస్ సర్జన్‌గా నా నైట్ డ్యూటీలు ఎక్కువగా వానాకాలంలో పడ్డాయి. వానాకాలం రాత్రి క్యాజువాల్టీలో కూర్చుంటే పురుగుమందు తాగినవాళ్లు, పాము కరిచినవాళ్లు, మళ్లీ పురుగుమందు తాగినవాళ్లు. ఒక రాత్రి పదేళ్ల పిల్లవాడిని తెచ్చారు. కింద చాప మీద పడుకున్నాడు, తెల్లవారుజామున కడుపునొప్పి అన్నాడు, తర్వాత కనురెప్పలు వాలిపోయాయి. కట్లపాము అట్లాగే కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనపడదు. గాలి సోకిందని ముందు ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు, ఆయన మంత్రం వేసి, ఎక్కడో ఏదో గాటులా కనపడితే బ్లేడుతో కోసి, పైన తాడు బిగించి పంపాడు. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉండి పిల్లవాడు బతికాడు.

ఆ పొద్దున ఒక చానల్ స్థానిక విలేకరి బైట్ (కెమెరా ముందు చెప్పే నాలుగు మాటలు) కోసం వచ్చాడు. మా మేడమ్ రౌండ్స్‌లో ఉన్నారు, "నువ్వే చెప్పెయ్, నలభై సెకన్లు" అన్నారు. రాత్రంతా నిద్ర లేదు, ఇంగ్లీషూ గుర్తు రాలేదు, పుస్తకం తెలుగూ గుర్తు రాలేదు. పేషెంట్ల వాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడాను. "తాడు కట్టొద్దు, బ్లేడుతోని కొయ్యొద్దు, నోటితోని గుంజొద్దు. కాలు కదలకుంట కట్టె పెట్టి కట్టి ఎంబడే దవాఖానకు తీస్కరాండ్రి. ఏ పామో తెల్వకున్నా పర్వాలేదు, సూది ఉన్నది." ఆ చివరి మాట చాలామందికి తెలియదు. మన దగ్గర వాడే ఇంజక్షన్ నాలుగు పాములకి కలిపి ఒకటే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. కాబట్టి పామును చంపి సంచిలో వేసుకొచ్చే పని లేదు (తెచ్చేవాళ్లు. ఒకసారి బతికున్నదే తెచ్చారు).

మర్నాడు పోచమ్మ మైదాన్‌లో చాయ్ తాగుతుంటే పక్కనున్నతను ఇంకొకతనికి చెప్తున్నాడు, తాడు కట్టొద్దట రా అని. నా వైపు చూడలేదు, నేనెవరో అతనికి తెలియదు. కానీ నేను చెప్పిన మాట నాకంటే ముందు ఆ హోటల్‌కి వచ్చి కూర్చుంది. ఈ అలవాటు ఎక్కడ పట్టుకుందని అడిగితే అక్కడే.

ఇంకో నిజం కూడా చెప్పాలి, లేకపోతే మా వదిన కామెంట్ పెడుతుంది. నాకు పీజీ సీటు రాలేదు. రెండుసార్లు రాశాను, ర్యాంకు రాలేదు. ఏటూరునాగారం వైపు ఒక పీహెచ్‌సీలో కాంట్రాక్ట్ మెడికల్ ఆఫీసర్‌గా పనిచేస్తుండగా 2013లో ఒక చానల్ నుంచి ఫోన్ వచ్చింది. అప్పటికి వీ6 చానల్లో తీన్మార్ వార్తలు మన యాసలో చదివితే జనం కూర్చుని చూస్తున్నారు, దాంతో మిగతా చానళ్లకీ మన మాట మీద నమ్మకం పుట్టింది. హెల్త్ ప్రోగ్రాం చేయాలి, డాక్టర్ కావాలి, వరంగల్ మాట రావాలి అన్నారు. జీతం ప్రైవేటు ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్‌కి ఇచ్చేదానికంటే తక్కువ. బాపు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఎంబీబీఎస్ సదివి టీవీల ముచ్చట్లు చెప్తవా బిడ్డా" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక, చెప్తా అన్నాను.

మొదటి గొడవ భాష దగ్గరే వచ్చింది. డెస్క్‌లో ఒక సీనియర్ ఉండేవారు, మంచాయన, పాత పత్రికల మనిషి. నా స్క్రిప్ట్‌లో షుగర్ అని రాస్తే మధుమేహం అని దిద్దేవారు, మోషన్స్ అంటే అతిసారం. సార్, ఎంజీఎంలో ఏడాది ఉన్నాను, ఒక్క పేషెంట్ కూడా నాకు మధుమేహం ఉందని చెప్పలేదు అన్నాను. ఆయన ఊరుకోలేదు, "రోగి మాట్లాడినట్టు డాక్టర్ మాట్లాడితే గౌరవం ఏముంటుందమ్మా" అన్నారు. ఈ మాట అప్పుడు కోపం తెప్పించింది కానీ దాని వెనక కొంత నిజం ఉందని తర్వాత తెలిసింది. మా అమ్మే ఒకసారి, "నువ్వు చెప్తే మనింట్ల చెప్పినట్టే ఉంటది, పెద్ద డాక్టరు చెప్పినట్టు లేదు" అంది. చివరికి సార్, నేను ఒక ఒప్పందానికి వచ్చాం. స్క్రీన్ మీద అక్షరాల్లో ఆయన తెలుగు, నా నోటి నుంచి నా తెలుగు. ఆ సర్దుబాటు అన్నేళ్లూ నడిచింది.

టీవీలో చాలా కష్టమైన పని పెద్ద జబ్బుల గురించి చెప్పడం అనుకుంటారు. కాదు, ఓఆర్ఎస్ గురించి చెప్పడం. ప్రతి ఎండాకాలం వడదెబ్బ మీద, వానలు పడగానే మోషన్స్ మీద చెప్పేదాన్ని. ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, ఇంతే విషయం. కానీ పీహెచ్‌సీలో చూశాను కదా, తల్లులు చిటికెడు పొడి గ్లాసులో వేసి, మిగతాది మడిచి రేపటికి దాస్తారు. ఒక్కో గ్లాసులో ఉప్పు ఒక్కో రకం. ఎందుకు లీటరే అంటే మన పేగులో చక్కెర, ఉప్పు కలిసి లోపలికి పోయే దారి ఒకటుంది, అవి రెండూ సరైన పాళ్లలో ఉంటేనే నీళ్లు వాటి వెంట పోతాయి. ఉత్త నీళ్లు తాగితే వచ్చినదారినే పోతాయి, చక్కెర ఎక్కువైతే పేగే నీళ్లు బయటికి వదులుతుంది, మోషన్స్ ఇంకా పెరుగుతాయి. దీన్ని రెండు నిమిషాల్లో చెప్పడానికి నేను స్టూడియోకి మా ఇంట్లోని లీటరు సీసా, చెంచా తీసుకెళ్లాను. ప్యాకెట్ దొరక్కపోతే ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా మీద గుట్టగా కాకుండా సమంగా గీసి, లీటరు నీళ్లకి. మా కెమెరామన్ చెంచా మీద ఉప్పును గీయడం బాగా దగ్గరగా తీశాడు, అదే మా ప్రోగ్రాంలో జనం ఎక్కువ గుర్తుపెట్టుకున్న షాట్.

అదే ఎపిసోడ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ గురించి చెప్పాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చింది, ఎక్కించడానికి సెలైన్ అయిపోయింది. ఆయన చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి జనం చేతే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న చావులు 3.6 శాతానికి దిగాయి. ఎపిసోడ్ అయ్యాక ప్రొడ్యూసర్ అడిగాడు, "మేడమ్ ఇంత పెద్దాయన పేరు మనకెందుకు తెలియదు?" ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

అయితే నేను అంత కష్టపడి చెప్పింది బ్రేక్‌లో కొట్టుకుపోయేది. చక్కెర నిండిన అట్టపెట్టె జ్యూసుల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మేవాళ్లు, మెడికల్ షాపువాళ్లు అదే ఇచ్చేవాళ్లు, తల్లులు మోషన్స్ అవుతున్న పిల్లలకి అదే పోసేవాళ్లు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దాని మీద ఎనిమిదేళ్లు పోరాడారు, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అట్లా వాడొద్దని ఆదేశం ఇచ్చింది. ఆ రోజు ఆమె ఏడుస్తూ మాట్లాడిన వీడియో చూసి నేనూ ఏడ్చాను. టీవీలో ఎనిమిదేళ్లు ఉన్నాను, నేను ఆ పని చేయలేదు. ఒకసారి చెప్పి తర్వాతి టాపిక్‌కి పోయాను. రోజుకో టాపిక్ కావాలి కదా మాకు.

ఫోన్-ఇన్ గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. లైవ్‌లో ఉంటాం, చెవిలో కంట్రోల్ రూమ్ వాళ్ల మాట మోగుతూ ఉంటుంది, "మేడమ్ ఇరవై సెకన్లు, బ్రేక్ తీసుకోండి" అని. ఒకరోజు హుజూరాబాద్ వైపు నుంచి ఒకతను. గ్యాస్ అన్నాడు. పొద్దుటి నుంచి ఛాతీ మీద బరువు పెట్టినట్టుంది, చెమటలు పడుతున్నాయి, ఎడమ దవడ గుంజుతోంది, గ్యాస్ గోలీ వేసుకున్నా తగ్గలేదు, ఏ గోలీ వేసుకోవాలి మేడమ్. చెవిలో బ్రేక్ అంటున్నారు. నేను బ్రేక్ తీసుకోలేదు. "అన్నా, ఫోన్ పెట్టేసి 108కి చెయ్, ఇది గుండెనొప్పి కావచ్చు, బండి మీద నువ్వే నడుపుకుంటూ పోవద్దు, ఇంట్లో ఇంకెవరున్నారు, ఫోన్ వాళ్లకి ఇవ్వు" అని చెప్తూనే ఉన్నాను. కాల్ కట్ అయింది. తర్వాత ఆ నంబర్‌కి మావాళ్లు చేశారు, ఎత్తలేదు. క్యాజువాల్టీలో అయితే ఈసీజీ తీసేదాన్ని, చెయ్యి పట్టుకునేదాన్ని, బతికాడో పోయాడో కనీసం తెలిసేది. ఇక్కడ బ్రేక్ తర్వాత జుట్టు రాలడం గురించి కాలర్ లైన్‌లో ఉన్నారు.

జనం నన్ను "మన సంజయ్ గుప్తా" అని ఆటపట్టించేవాళ్లు. ఆయన అట్లాంటాలో న్యూరోసర్జన్, 2001లో సీఎన్ఎన్‌లో చేరాడు, ఆపరేషన్లు మానలేదు. 2003లో ఇరాక్ యుద్ధం రిపోర్ట్ చేయడానికి అమెరికా నేవీ డాక్టర్ల వెంట వెళ్లి, అక్కడ తలకు గాయమైన రెండేళ్ల పిల్లవాడికి ఆపరేషన్ చేశాడు. పిల్లవాడు దక్కలేదు. విలేకరి వార్త చూడాలా, అందులో చెయ్యి పెట్టాలా అని అక్కడ పెద్ద చర్చ నడిచింది. నాకు మాత్రం ఆయన 2013లో చేసిన పని ఎక్కువ నచ్చుతుంది. గంజాయి మందుగా పనికిరాదని తాను అంతకు ముందు రాసింది తప్పని, సరిగ్గా చూడకుండా చెప్పానని బహిరంగంగా ఒప్పుకున్నాడు. గంజాయి మీద నా అభిప్రాయం వేరే సంగతి, టీవీలో తప్పు ఒప్పుకున్న మనిషిని నేను మన దగ్గర చూడలేదు.

నాదీ ఒక యుద్ధరంగం కథ ఉంది, చెప్తే నవ్వుతారు. 2018 మేడారం జాతర, జంపన్న వాగు ఒడ్డున లైవ్ ఇస్తుంటే పక్కనే ఒక ముసలామె కళ్లు తిరిగి పడిపోయింది. మైక్ పక్కన పడేసి వెళ్లాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఎండ, తోపులాట. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాను, జనాన్ని జరగమన్నాను, సోయిలోకి వచ్చాక నీళ్లు, కొంగుకి కట్టుకున్న బంగారం ముక్క (బెల్లం అని తెలుసు కదా) ఆమె చేతే తినిపించాను. పది నిమిషాలకి లేచి వనదేవతల దర్శనానికి పోయింది. సాయంత్రానికి స్క్రోలింగ్: "భక్తురాలి ప్రాణం కాపాడిన మా డాక్టర్ ప్రతినిధి." నాతో చదివి నిజంగా రోజూ ప్రాణాలు కాపాడుతున్నవాళ్లంతా అది స్క్రీన్‌షాట్ తీసి మా బ్యాచ్ గ్రూపులో పెట్టారు. ఇప్పటికీ పెడుతుంటారు.

ఇక డబ్బు సంగతి. పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా మా స్టూడియోలో, అదే సోఫాలో, జ్యోతిష్యం ఉండేది. సోఫా కవర్ మార్చి ఎనిమిదిన్నరకి నేను. మధ్యలో స్లాట్. స్లాట్ అంటే ఒక ఆస్పత్రో, మందుల కంపెనీయో అరగంట కొనుక్కుంటుంది, డాక్టర్ వాళ్లవాడే, ప్రశ్నలు వాళ్లవే, కింద ఫోన్ నంబర్ తిరుగుతుంటుంది. చూసేవాళ్లకి అది ప్రకటనో ప్రోగ్రామో తేడా తెలియదు, తెలియకూడదనే కదా డబ్బు. మన దేశంలో 1954 నుంచి ఒక చట్టం ఉంది, డయాబెటిస్, క్యాన్సర్, ఊబకాయం లాంటి 54 జబ్బులకి మందు ఉందని ప్రకటించుకోకూడదు. డాక్టర్లు తమను తాము ప్రకటించుకోకూడదని 2002 నాటి నియమావళి ఉంది. స్లాట్‌కి ఇవేవీ అడ్డం రాలేదు. నేను స్లాట్లకి యాంకరింగ్ చేయనని మొదటి ఏడాదే చెప్పాను, దాంతో నా ప్రోగ్రాం జ్యోతిష్యం కంటే చవకగా తయారైంది. లైటింగ్ కూడా తగ్గించారు, ఇది అనుమానం కాదు, లైట్‌బాయ్ చెప్పాడు.

ఒకసారి సిజేరియన్ల మీద ఒక వార్తాకథనం చేశాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో మన రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు కోతలే, దేశం మొత్తం మీద 21.5. మన ఉత్తర తెలంగాణ జిల్లాల సంగతి ఇంకా ఎక్కువ. ఇందులో డాక్టర్ల పాపం ఎంతుందో, ముహూర్తం చీటీ పట్టుకొచ్చే ఇంటి పెద్దల పాపం కూడా అంతుంది. రెండూ చూపించాను. మార్కెటింగ్ నుంచి ఒకతను వచ్చి, "మేడమ్, వారం ఆపుదాం, వాళ్లది రెన్యువల్ ఉంది" అన్నాడు. వారం తర్వాత రాత్రి పదకొండున్నరకి వేశారు. ముహూర్తం ఎవరు పెట్టారని అడగలేదు.

ఇంకోసారి ప్రొడ్యూసర్ గ్రీన్ కాఫీతో బరువు తగ్గొచ్చు, అమెరికాలో డాక్టర్ ఓజ్ చెప్పాడని ఎగురుకుంటూ వచ్చాడు. ఆయన మామూలు మనిషి కాదు, గుండె సర్జన్. కానీ 2014లో అక్కడి సెనేట్ ఆ గ్రీన్ కాఫీ గురించే ఆయన్ని కూర్చోబెట్టి అడిగింది. అదే ఏడాది చివర్లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఆయన టీవీ షోలో ఇచ్చిన 80 సలహాలు తీసి చూస్తే ఆధారం ఉన్నవి 46 శాతమే. ఇదంతా చెప్తే, "సగం కరెక్టే కదా మేడమ్" అన్నాడు. వాదించే ఓపిక లేక నవ్వాను. రాత్రి ఇంటికొచ్చి నా ఎపిసోడ్లే తీసి చూడటం మొదలుపెట్టాను, మూడు చూసి ఆపేశాను.

నా తప్పు అందులో లేదు, ప్రోమోలో ఉంది. 2017 చివర్లో బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనం వచ్చింది. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ మీద లేనివాళ్లు, గట్టి డైట్‌తో బరువు బాగా తగ్గితే వాళ్లలో 46 శాతం మందికి ఏడాది తర్వాత మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. మంచి వార్త, చెప్పాలి కదా. "కొత్తగా షుగర్ వచ్చినోళ్లల్ల కొందరు బరువు తగ్గితే మందులు మానేయొచ్చు, కానీ మీ డాక్టర్ చూసి మానిపించాలె, మీ అంతట మీరు కాదు" అన్నాను. ప్రోమో కట్ చేసినతను "మందులు మానేయొచ్చు" దగ్గర ఆపి, రేపు ఉదయం ఎనిమిదిన్నరకి అని వేశాడు. ఆదివారాలు నేను హన్మకొండలో స్నేహితురాలి క్లినిక్‌లో కూర్చునేదాన్ని. నాలుగు నెలల తర్వాత పరకాల నుంచి ఒకాయన వచ్చాడు. పదిహేనేళ్ల షుగర్, గోలీలు మానేశాడు, కాలి బొటనవేలు నల్లబడింది. ఎందుకు మానేశావంటే కొడుకు చెప్పాడు, "మీరే చెప్పిండ్రు మేడమ్, టీవీల." గొంతులో కోపం కూడా లేదు. వేలు తీసేయాల్సి వచ్చింది. ప్రోమో నేను కట్ చేయలేదు, నిజమే. కానీ ప్రోమో పోయేముందు చూపించమని నేను ఏనాడూ అడగలేదు, మేకప్‌కి మాత్రం ముందే వెళ్లేదాన్ని. ఆ తర్వాత మాట్లాడే తీరు మార్చాను. "కానీ" ముందు చెప్పి, తర్వాత విషయం చెప్పేదాన్ని. "డాక్టర్‌ని అడగకుండా మానొద్దు, మానితే కాలు పోతుంది, ఇంతకీ సంగతేంటంటే" అని. ఎడిటర్లు తిట్టుకునేవాళ్లు, ఎక్కడ కత్తెర పెట్టినా అందంగా రావడం లేదని.

కరోనా గురించి ఎక్కువ రాయను, అందరం చూసిందే. 2020 మార్చి 2న మన రాష్ట్రంలో మొదటి కేసు వచ్చింది మొదలు, హెల్త్ బులెటిన్ మెయిన్ బులెటిన్ అయింది. ఏడేళ్లు చవకగా ఉన్న మనిషికి రోజుకి ఆరు లైవ్‌లు. 2021 ఏప్రిల్, మేలో ఫోన్ పట్టుకుంటే రెమ్‌డెసివిర్ ఇంజక్షన్ కావాలనే. దాన్ని ఆస్పత్రిలో చేరినవాళ్లకి వాడమని సిఫారసు చేయలేమని డబ్ల్యూహెచ్ఓ 2020 నవంబర్‌లోనే చెప్పింది, నేనూ అదే చెప్పాను, చెప్పినందుకు "మీ ఇంట్లో వాళ్లకైతే తేరా" అని తిట్టారు. బాపుకి వచ్చినప్పుడు నేనూ రెండు చోట్లకి ఫోన్ చేశాను. ఇది మొదటిసారి రాస్తున్నాను. దొరకలేదు, బాపు అది లేకుండానే బాగయ్యాడు. ఆ డిసెంబర్‌లో చానల్ మానేశాను.

ఇప్పుడు హన్మకొండలో క్లినిక్, రోజూ.

కాజీపేట పెద్దాయన దగ్గరికి వస్తే, నిజం డాక్టరునే పెద్దయ్యా అన్నాను. అట్లయితే ఇవి చూడు అని కవర్లోంచి రిపోర్టులు తీశాడు. కిడ్నీల పని ఎట్లా ఉందో చెప్పే క్రియాటినిన్ 3.1. మూడు నెలల కిందటి కాగితంలో 1.9. కవరు అడుగున ఒక గోలీల అట్ట, సగం ఖాళీ. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి గోలీలు, మోకాళ్లకి, రోజుకి రెండు, రెండేళ్లుగా. ఈ గోలీలు కిడ్నీలని తింటున్నాయి, ఇవాళే ఆపు, రేపే ఎంజీఎంలో కిడ్నీ డాక్టర్‌కి చూపించు అని కాగితం మీద రాసిచ్చాను. మందులు ఇంకేం వాడుతున్నావు, బీపీ ఉందా, మూత్రం ఎట్లా వస్తోంది, నేను అడుగుతూనే ఉన్నాను, ఆయన చెప్తూనే ఉన్నాడు.

బండి వచ్చే ముందు నాకు ఉండబట్టలేదు. "పెద్దయ్యా, నొప్పి గోలీలతోని కిడ్నీలు కరాబైతయని నేను టీవీల మూడుసార్లు చెప్పిన, చూడలేదా?"

"ఎందుకు చూడలే, రోజు చూసేటోన్ని. అది కిడ్నీలోళ్లకు గదా బిడ్డా. నాకు నొచ్చేది మోకాళ్లు."